తద్మోరు రాణి జెనోబియా: ఆమెనుగూర్చిన సాక్ష్యములు

సొలొమోను అరణ్యమందలి తద్మోరును కట్టించెనని దినవృత్తాంతముల రెండవ గ్రంథము ఎనిమిదవ అధ్యాయములో చెప్పబడియున్నది. బైబిలు చదువరులకు ఆ పేరు అంతకుమించి పరిచయమైనది కాదు. సిరియ ఎడారి నడుమ, మధ్యధరా సముద్రమునకును యూఫ్రటీసు నదికిని మధ్యస్థముగా, నీటి ఊటయు ఖర్జూరపు తోటలును గల ఆ స్థలమును గ్రీకులును రోమీయులును పల్మీరా అని పిలిచిరి. క్రీస్తు తరువాతి మొదటి మూడు శతాబ్దములలో తూర్పు దేశముల సరకులు ఒంటెల బిడారులమీద ఆ మార్గముననే పడమటికి సాగెను. ఆ పట్టణపు వర్తకులు పారసీక సింధుశాఖ రేవులలో ఓడలెక్కి మన దేశపు వాయవ్య తీరమువరకు వచ్చిరి. క్రీ.శ. 157 నాటి శాసనమొకటి, ఆ కాలమున స్కితియ అనబడిన సింధునదీ ముఖ ప్రాంతమునుండి ఓడలో క్షేమముగా తిరిగివచ్చిన వర్తకులు తమ ఉపకారిని గౌరవించిన సంగతి తెలుపుచున్నది.

మూడవ శతాబ్దమున ఈ పట్టణమునుండి ఒక స్త్రీ లేచి, రోమా సామ్రాజ్యపు తూర్పు భాగమును కొంతకాలము ఏలెను. ఆమె పేరు సెప్తిమియ జెనోబియా. ఆమె స్వభాషయైన పల్మీరా అరామిక్కులో ఆ పేరు బత్ జబ్బాయి, అనగా జబ్బాయి కుమార్తె. ఆమె ఏలుబడి అయిదు సంవత్సరములకు మించలేదు. ఆమెనుగూర్చిన వ్రాతలు మాత్రము వందల సంవత్సరములు సాగెను. రోమీయులు వ్రాసిరి, గ్రీకులు వ్రాసిరి, యూదుల రబ్బీలు వ్రాసిరి, సంఘ పితరులు వ్రాసిరి, అరబ్బు చరిత్రకారులు వ్రాసిరి. ఒకరు చిత్రించిన స్త్రీ మరియొకరు చిత్రించిన స్త్రీని పోలియుండదు. ఆ చిత్రములను ఒకదాని ప్రక్కనొకటి నిలిపి చూచినయెడల, ఆమె ముఖముకంటె వ్రాసినవారి ప్రయోజనమే ముందుగా కనబడును.

ఏలుబడియు పతనమును

క్రీ.శ. 260లో రోమా చక్రవర్తియైన వలేరియను పారసీక రాజైన షాపూరు చేతికి సజీవముగా చిక్కెను. అట్టి అవమానము రోమాకు మునుపెన్నడును కలుగలేదు. అతని కుమారుడైన గల్లియేను పడమటి శత్రువులతో పోరాడుచుండగా, తూర్పు సరిహద్దును కాచినవాడు పల్మీరా ప్రభువైన ఒడెనాతు. అతడు పారసీకులను యూఫ్రటీసు ఆవలికి తరిమి, వారి రాజధానియైన క్తేసిఫోను వరకు వెంబడించెను. 267లో గాని 268లో గాని అతడు తన పెద్ద కుమారునితో కూడ హత్య చేయబడెను. అతని భార్య జెనోబియా విధవరాలయ్యెను. ఆమె కుమారుడైన వాబల్లాతు ఇంకను బాలుడు. ఆ బాలుని పేరట ఆమె రాజ్యభారము వహించెను.

270లో ఆమె సైన్యము అరేబియ రాష్ట్రమును వశపరచుకొని ఐగుప్తుమీదికి వెళ్లెను. జబ్దా అను సేనాధిపతి నడిపిన ఆ దండులో డెబ్బది వేలమంది యుండిరని గ్రీకు చరిత్రకారుడైన జోసిమస్ వ్రాసెను. రోమా పట్టణమునకు ధాన్యము పంపు ఐగుప్తు ఈ విధముగా ఎడారి రాణి చేతిలోనికి వచ్చెను. ఉత్తరమున ఆమె అధికారము నేటి టర్కీ దేశమందలి అంకారా వరకు వ్యాపించెను.

ఇంత జరిగినను, రోమాతో సంబంధము తెంచుకొన్నట్లు ఆమె వెంటనే ప్రకటింపలేదు. అంతియొకయలోను అలెక్సంద్రియలోను ముద్రింపబడిన నాణెములకు ఒకవైపున ఔరేలియను చక్రవర్తి ముఖమును, రెండవవైపున వాబల్లాతు ముఖమును ఉండెను. ఐగుప్తులో దొరికిన పపైరసు పత్రములలో ఇద్దరి ఏలుబడి సంవత్సరములును కలిపి లెక్కింపబడెను. 272లో ఈ మర్యాద ముగిసెను. లూకా సువార్తలో కైసరునకు చెప్పబడిన ఔగుస్తు అను బిరుదు కుమారుని నాణెములమీదను, దాని స్త్రీరూపము తల్లి నాణెములమీదను కనబడెను. అది రోమా చక్రవర్తులకు మాత్రమే చెల్లిన బిరుదు.

ఔరేలియను అప్పటికే దండెత్తి వచ్చుచుండెను. అంతియొకయ దగ్గరను, ఎమెసా దగ్గరను ఆమె సేనలు ఓడిపోయెను. ఎమెసా నేటి హోమ్స్ పట్టణము. చక్రవర్తి పల్మీరాను ముట్టడించెను. పారసీకుల సహాయము కోరి జెనోబియా ఒంటెనెక్కి యూఫ్రటీసు వైపునకు తప్పించుకొనిపోవుచుండగా, నది దాటకముందే రోమా రౌతులు ఆమెను పట్టుకొనిరి. ఎమెసాలో విచారణ జరిగెను. ఆమె సలహాదారులలో పేరుగాంచిన గ్రీకు పండితుడైన లొంగినస్‌కు మరణశిక్ష విధింపబడెను. 273లో పల్మీరా తిరుగుబాటు చేయగా ఔరేలియను మరల వచ్చి ఆ పట్టణమును కొల్లపెట్టెను. 274లో అతడు రోమాలో జయోత్సవము జరిపించెను.

ఆమె కథ ఇంతమాత్రమే. దీనికి నాణెములు, శాసనములు, పపైరసు పత్రములు, పలువురు చరిత్రకారులు ఆధారము. ఇంతకుమించి ఆమెనుగూర్చి లోకము చెప్పుకొనినదానిలో అధికభాగము వేరొక విధమైన వ్రాతలనుండి వచ్చినది.

రోమా గ్రంథకర్త చిత్రము

చక్రవర్తుల చరిత్ర అను పేరుగల లాటిను గ్రంథమొకటి కలదు. ఆరుగురు గ్రంథకర్తలు డయొక్లీషియను, కాన్‌స్టంటైను చక్రవర్తుల కాలములో దానిని వ్రాసినట్లు అది తన్నుగూర్చి చెప్పుకొనును. 1889లో హెర్మన్ డెసౌ అను జర్మను పండితుడు దానిని శోధించి, నాలుగవ శతాబ్దము చివర ఒక్కడే ఆరు పేర్లతో దానిని వ్రాసెనని వాదించెను. నేటి పండితులలో పెక్కుమంది ఆ వాదమును అంగీకరించిరి. అందలి ఉత్తరములలో పెక్కు కల్పితములు.

జెనోబియానుగూర్చి లోకమెరిగిన వర్ణన ఇందులోనిదే. ఆమె దేహచ్ఛాయ శ్యామలమనియు, కన్నులు నల్లనివై తేజస్సు గలవనియు, దంతములు ముత్యములవంటివనియు, కంఠస్వరము పురుషుని స్వరమువంటిదనియు అది చెప్పును. ఆమె తలకు శిరస్త్రాణము ధరించి సైనికులతో మాట్లాడెడిదట. కాలిబంట్లతో కలిసి మైళ్లకొలది నడిచెడిదట. వేటయందు పురుషులకు తీసిపోదట. సేనాధిపతులతో పానము చేసినను మత్తురాలు కాదట. సంతానము కొరకు తప్ప భర్తను చేరనీయని పవిత్రురాలట. క్లెయొపాత్రా వంశమునని చెప్పుకొనెడిదట. ఇన్ని సుగుణములు చెప్పిన ఆ గ్రంథమే, భర్త హత్యలో ఆమెకు భాగముండెనన్న అనుమానమును కూడ జారవిడిచినది.

ఈ స్తుతికి కారణమేమి? ఆ గ్రంథకర్తకు గల్లియేను చక్రవర్తిమీద గొప్ప ద్వేషము. ఆ చక్రవర్తి భోగములలో మునిగియుండగా రాజ్యమును కాపాడుటకు ఒక స్త్రీ కావలసివచ్చెనని చూపుటయే అతని ఉద్దేశము. కనుకనే ఆమెను పురుష లక్షణములతో నింపెను. అంతేకాదు, ఒక స్త్రీని జయించి ఉత్సవము చేసికొనెనన్న నిందనుండి ఔరేలియను తన్ను సమర్థించుకొన్నట్లు ఒక ఉత్తరమును కూడ కల్పించెను. ఆమె ఎంత గొప్పదైన, ఆమెను జయించినవాడు అంత గొప్పవాడగును. ఆ గ్రంథములో జెనోబియా ఇద్దరు పురుషుల కొలబద్ద. ఒకనిని తగ్గించుటకును ఒకనిని హెచ్చించుటకును ఆమె వాడబడినది.

జోసిమస్ కథనములో మరియొక ముఖమున్నది. విచారణ సమయమున ఆమె తాను స్త్రీనని చెప్పి, తప్పంతయు సలహాదారులమీద వేసెనని అతడు వ్రాసెను. లొంగినస్ మాత్రము ధైర్యముతో మరణమును స్వీకరించి, తనకొరకు దుఃఖించినవారినే ఓదార్చెనట. ఒక చోట ఆమె పురుషులకు మించిన ధీరురాలు, మరియొక చోట స్త్రీయను మాట చాటున దాగిన భీరువు. మొదటి చిత్రము గల్లియేనును సిగ్గుపరచుచున్నది. రెండవ చిత్రమునందు ఆమె పిరికితనము ప్రక్కన పండితుని ధైర్యము వెలుగుచున్నది.

సంఘ పితరుల మాట

క్రైస్తవ చదువరికి మరింత ముఖ్యమైన సంగతి ఇక వచ్చును. అదే కాలమున అంతియొకయ సంఘమునకు సమొసాత పౌలు అనునతడు బిషప్పుగా నుండెను. ఇతడు క్రీస్తు దైవత్వమునుగూర్చి తప్పు బోధ చేసెనని, 268 ప్రాంతమున బిషప్పుల సభ కూడి అతనిని పదవినుండి తొలగించెను. అయినను అతడు సంఘ మందిరమును విడువలేదు. ఔరేలియను ఆ ప్రాంతమును జయించిన తరువాత సంఘస్థులు చక్రవర్తికి విన్నవించుకొనగా, ఇటలీలోను రోమాలోను ఉన్న బిషప్పులు ఎవరితో ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుదురో వారికే మందిరము చెందవలెనని అతడు తీర్పు చెప్పెను. ఈ సంగతి యూసేబియస్ తన సంఘ చరిత్ర ఏడవ గ్రంథములో వ్రాసెను.

పౌలును తొలగించిన బిషప్పులు ఇతర సంఘములకు పంపిన లేఖలో కొన్ని భాగములను యూసేబియస్ భద్రపరచెను. ఆ లేఖలో దయాదాక్షిణ్యములు లేవు. పౌలు ఒకప్పుడు బీదవాడై పిమ్మట అక్రమముగా ధనవంతుడయ్యెనని, బిషప్పు అనుటకంటె ప్రభుత్వోద్యోగి అనిపించుకొనుటకే ఇష్టపడెనని, ఎత్తయిన సింహాసనము కట్టించుకొనెనని, స్త్రీలచేత తన్నుగూర్చి కీర్తనలు పాడించుకొనెనని అందులో ఆరోపింపబడెను. అతనిని నిందించుటకు దొరికిన ఏ మాటను ఆ బిషప్పులు విడిచినట్లు కనబడదు. అట్టి ఆ లేఖాభాగములలో జెనోబియా పేరు లేదు. యూసేబియస్ కథనములోను లేదు. పౌలు బిషప్పయినది సుమారు 260లో, అనగా ఆమె రాజ్యమునకు వచ్చుటకు ఏడెనిమిది సంవత్సరములకు ముందే. అతని బోధపై విచారణ ముగియునప్పటికి ఆమె ఏలుబడి ఇంకను ఆరంభదశలోనే యుండెను.

ఆమె పేరు పౌలు పేరుతో జతపడినది సుమారు తొంబది సంవత్సరముల తరువాత. 358 ప్రాంతమున అతనాసియస్ ఏరియను మతస్థుల చరిత్ర వ్రాయుచు, జెనోబియా యూదురాలనియు, పౌలును ఆదరించినదనియు, అయినను సంఘ మందిరములను యూదుల సమాజమందిరములు కావించలేదనియు చెప్పెను. ఆ మాట అతడెందుకు వ్రాసెనో అచ్చటనే స్పష్టమగుచున్నది. క్రైస్తవుడనని చెప్పుకొను కాన్‌స్టాంటియస్ చక్రవర్తి సంఘ మందిరములను ఏరియను మతస్థులకు అప్పగించుచుండెను. యూదురాలైన రాణి చేయని పనిని క్రైస్తవ చక్రవర్తి చేయుచున్నాడని అతనిని సిగ్గుపరచుట అతనాసియస్ ఉద్దేశము. రోమా గ్రంథకర్త గల్లియేనును కొట్టుటకు ఏ కఱ్ఱను ఎత్తెనో, దానినే విశ్వాసవీరుడైన బిషప్పు కాన్‌స్టాంటియస్‌ను కొట్టుటకు ఎత్తెను.

తరువాతివారు ఆ మాటను పెంచిరి. నాలుగవ శతాబ్దము చివర ఇటలీలోని బ్రెషియా బిషప్పైన ఫిలాస్త్రియస్, పౌలే ఆమెను యూదాచారములకు త్రిప్పెనని వ్రాసెను. అయిదవ శతాబ్దమున సిరియలోని థియొడొరెట్, ఆమె యూదుల తలంపులు గలది గనుక ఆమెను సంతోషపెట్టవలెనని పౌలే దుర్బోధలో పడెనని వ్రాసెను. ఒకనికి ఆమె చెడగొట్టబడినది. మరియొకనికి ఆమె చెడగొట్టినది. రెండును ఒకేసారి నిజము కానేరవు. ప్రధాన యాజకుని యెదుట నిలిచిన సాక్షుల సాక్ష్యములు సరిపడలేదని మార్కు సువార్త చెప్పు సంగతి ఇక్కడ జ్ఞాపకమునకు రాక మానదు.

ఇందువలన పౌలు బోధ సరియైనదని తేలదు. బిషప్పుల సభ అతనిని లేఖనముల ఆధారముగా విచారించినది. దుర్బోధను దుర్బోధయని చూపుటకు ఒక రాణి అపకీర్తి అవసరము లేకపోయినది. ఆ సహాయమును కోరినవారు తరువాతి తరములవారు.

రబ్బీలును అరబ్బులును

ఆమె యూదురాలైనయెడల, ఆ సంగతి యూదులకు తెలిసియుండవలెను. యెరూషలేము తల్మూదులో ఒక చిన్న కథ కలదు. చెరపట్టబడిన తమవాని విడుదలకై రబ్బీ అమ్మీయు మరియొక రబ్బీయు జెనోబియా యెదుటికి వెళ్లి వేడుకొనిరి. ఆ కథలో ఆమె తమ జాతిదన్న సూచన ఏమాత్రమును లేదు. వారు అన్యురాలైన పాలకురాలి యెదుటనే నిలిచిరి. తద్మోరు నాశనమును కోరిన మాటలు కూడ రబ్బీల వ్రాతలలో కనబడును. ఆమె యూదురాలని క్రైస్తవులు చెప్పిరి, యూదులు చెప్పలేదు.

తరువాతి అరబ్బుల కథలలో ఆమె అల్ జబ్బా అను పేరుతో ప్రత్యక్షమగును. 923లో మరణించిన అల్ తబరీ తన చరిత్రలో ఈ కథను చేర్చెను. అందులో రోమా లేదు, ఔరేలియను లేడు. తన తండ్రిని చంపిన జదీమా అను రాజును ఆమె వివాహము పేరట రప్పించి, రక్తనాళములు కోయించి చంపించును. అతని మేనల్లుడైన అమ్రు పగతీర్చుకొనుటకు వచ్చును. అతని సేవకుడు తన ముక్కు తానే కోసికొని, హింసింపబడినవానివలె ఆమెను నమ్మించి, ఒంటెలమీద సైనికులను దాచి తెచ్చును. సొరంగమున తప్పించుకొనబోయిన రాణి అక్కడ అమ్రును చూచి, శత్రువు చేతిలో చచ్చుటకంటె మేలని తన ఉంగరములోని విషము మ్రింగును. ఇక్కడ ఆమె పగకు ప్రతిరూపము. కథ ముగియునది పగతీర్చుకొనిన పురుషుల కీర్తితో.

అంత్యమునుగూర్చి

ఆమె మరణము విషయములో సాక్షులు మరింత దూరముగా విడిపోవుదురు. రోమాకు తీసికొనిపోబడుచుండగా మార్గమందే, రోగముచేతనో ఆహారము మానుటచేతనో, ఆమె మరణించెనని జోసిమస్ వ్రాసెను. జయోత్సవము తరువాత ఆమె తల తీయబడెనని ఆరవ శతాబ్దపు అంతియొకయవాడైన మలాలాస్ వ్రాసెను. చక్రవర్తుల చరిత్ర చెప్పునది వేరు. రత్నముల బరువుతో నడువలేక, బంగారు సంకెళ్లతో ఆమె రోమా వీధులలో నడిపింపబడెననియు, పిమ్మట తిబూరులో ఇల్లు పొంది కుటుంబినిగా జీవించెననియు అది చెప్పును. ఆమె సంతతివారు తన కాలమున రోమాలో నుండిరని నాలుగవ శతాబ్దపు యూత్రోపియస్ చెప్పుచున్నాడు. ఈ చివరి మాటకు చరిత్రకారులు ఎక్కువ విలువ నిచ్చుదురు. ఏలయనగా యూత్రోపియస్‌కు ఆమెను పొగడవలసిన పనియు లేదు, తెగడవలసిన పనియు లేదు.

రాళ్ల సాక్ష్యము

పల్మీరాలో స్తంభముల వరుసలు గల గొప్ప వీధి యొకటి కలదు. క్రీ.శ. 271 ఆగస్టులో ఇద్దరు సేనాధిపతులు, జబ్దాయు జబ్బాయియు, అక్కడ రెండు ప్రతిమలు నిలిపిరి. ఒకటి మరణించిన ఒడెనాతుది, రెండవది జెనోబియాది. ప్రతిమలు పోయినవి, వాటి క్రింది శాసనములు చదువబడినవి. ఆమెను జీవించియున్న కాలమున ఎరిగినవారు, ఆమె పట్టణములో, ఆమె భాషలో ఆమెనుగూర్చి చెక్కించిన మాటలవి. అక్కడ క్లెయొపాత్రా లేదు, ముత్యములవంటి దంతములు లేవు, పురుష స్వరము లేదు. గ్రీకు పాఠములో ఆమె భక్తిగల రాణి. అరామిక్కు పాఠములో అందుకు వాడబడిన మాట నీతిమంతురాలని అర్థమిచ్చునది. హెబ్రీ లేఖనములలో నీతిమంతునకు వాడబడిన మాటకు అది సోదర పదము.

ఈ శాసనము కూడ నిష్పక్షపాత సాక్ష్యము కాదు. తమ రాణిని పొగడుట సేనాధిపతుల ధర్మము. ఆమె యుద్ధములలో ఐగుప్తులోను అరేబియలోను అనేకులు చచ్చిరి. బొస్రాలో ఆమె సైన్యము ఒక దేవాలయమును పాడుచేసినట్లు మరియొక శాసనము చెప్పుచున్నది. ఆమె ఆశ ఆమె పట్టణమునే బూడిద చేసినది. ఆమెను పరిశుద్ధురాలిగా చిత్రించుట మరియొక అబద్ధ సాక్ష్యమగును. 2015లో తీవ్రవాదులు పల్మీరాలోని బేలు దేవాలయమును, బాల్ షమీను దేవాలయమును పేల్చివేసిరి. రాళ్లు పోవుకొలది ఈ స్త్రీనిగూర్చి మిగులు సాక్ష్యము మరింతగా పుస్తకములమీద ఆధారపడును. కనుకనే పుస్తకములను జాగ్రత్తగా తూచవలెను.

తొమ్మిదవ ఆజ్ఞ అబద్ధ సాక్ష్యమును నిషేధించుచున్నది. ఆ ఆజ్ఞ స్నేహితులకు మాత్రమే చెల్లునని లేఖనము చెప్పలేదు. ఇద్దరు ముగ్గురు సాక్షుల నోట మాట స్థిరపడవలెనన్న ధర్మశాస్త్ర నియమము, మొదట వాదించినవాని మాట న్యాయముగా తోచినను పొరుగువాడు వచ్చి పరిశోధించువరకు ఆగవలెనన్న సామెతల బోధ, రెండును అన్యజనులైన పాలకుల విషయములోను చెల్లును. మరణించి, ఓడిపోయి, జవాబు చెప్పుకొనలేని వారి విషయములో మరి ఎక్కువగా చెల్లును. అతనాసియస్ తన కాలమున సత్యము కొరకు అనేక పర్యాయములు దేశాంతరవాసము అనుభవించినవాడు. అట్టివాడు సహితము విరోధిని కొట్టు తొందరలో, చేతికి దొరికిన ఒక స్త్రీ పేరును పరీక్షింపక వాడినట్లున్నది. అతని తరువాతి బోధకులు ఆ మాటను చరిత్రగా అప్పగించిరి. నేడును ప్రసంగపీఠమునుండి ఒక అధికారినిగూర్చి గాని, అన్యమతస్థునిగూర్చి గాని, తప్పిపోయిన సహోదరినిగూర్చి గాని మాటలాడువారు, ఆ మనిషినిగూర్చియే సాక్ష్యమిచ్చుచున్నారో, లేక ఆ పేరుతో వేరొకరిని కొట్టుచున్నారో తమ్మును తాము ప్రశ్నించుకొనుట మేలు. దేవుని సత్యమును నిలువబెట్టుటకు ఎవనిమీదను అబద్ధము పలుకవలసిన అవసరము లేదు.